పూడిపోవడమే దాని పని: తతెయామా కొండల్లో నాన్నతో నాలుగు రోజులు

నాన్న ఉద్యోగమంతా ఏటిగట్ల మీదే గడిచింది. కొన్నాళ్లు ధవళేశ్వరంలో, చాలాకాలం కోనసీమలో, నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. రెండు నెలలు ఉండి వెళ్దామని జపాన్‌లో, కవాసాకిలోని మా ఇంటికి వచ్చారు. తోక్యో టవర్ చూపించాను, గుళ్లు చూపించాను. అన్నిటికీ మర్యాదగా "బాగుందమ్మా" అన్నారు. మా ఇంటి దగ్గర తామా నది గట్టు మీద మాత్రం రోజూ గంటసేపు నడిచేవారు. గట్టు వాలు ఎంత, రాతి కట్టుబడి ఎక్కడిదాకా ఉంది, తూములు ఎక్కడున్నాయి అని చూసుకుంటూ వెళ్లేవారు. ఆయనకు నిజంగా నచ్చే చోటు ఏదా అని వెతుకుతుంటే తొయామా జిల్లాలో ఒక మ్యూజియం ఉందని తెలిసింది. దాని పేరు తతెయామా కాల్డెరా సాబో మ్యూజియం. అగ్నిపర్వతం చేసిన కొండలు, ఆ కొండలు కోసుకుపోకుండా మనుషులు కట్టిన అడ్డుకట్టలు, ఈ రెండిటి కోసమే 1998లో పెట్టారు. పేరు చదివి చెప్పగానే నాన్న కుర్చీలో ముందుకు జరిగి, "ఎప్పుడు వెళ్దాం?" అన్నారు.

మొదటి రోజు, బుధవారం

సెప్టెంబరు ఆఖరి వారం. తోక్యో నుంచి తొయామాకు షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండుంపావు గంటలు పట్టింది. ఆకలేస్తుందని పులిహోర కలిపి తీసుకెళ్లాను. సగం దారిలోనే డబ్బా ఖాళీ అయింది.

హోటల్లో సామాన్లు పడేసి, టాక్సీలో నిషి ఒమోరి అనే ఊరి దగ్గరికి వెళ్లాం. కోతలు అయిపోయిన వరిచేలు, పక్కన జోగన్‌జి నది గట్టు. అక్కడ ఒక బండరాయి ఉంది. చుట్టూ ఎక్కడా కొండ లేదు, చదునైన పొలాలే. వాటి మధ్య చిన్న డాబా ఇల్లంత రాయి. బరువు సుమారు 400 టన్నులు ఉంటుందని అంచనా. 1858లో వరద దీన్ని కొండల్లోంచి ఇక్కడికి దొర్లించుకొచ్చింది.

నాన్న రాయి చుట్టూ ఒకసారి తిరిగి, చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"నీళ్లు తేలేదమ్మా దీన్ని. బురద తెచ్చింది" అన్నారు.

"తేడా ఏంటి నాన్నా?"

"ఉత్త నీళ్లయితే రాయి అడుగున మునిగి ఉంటుంది. చిక్కటి బురదలో రాయి తేలినట్టే వస్తుంది. మన గోదావరి ఎర్రనీటిలో మట్టి ఉంటుంది గానీ ఇలాంటి రాయిని మొయ్యలేదు."

గట్టెక్కి చూశాం. నది మధ్యలో సన్నగా నీటిపాయ, మిగతా అంతా తెల్లటి రాళ్లు. నాన్న అటూ ఇటూ రెండు మూడుసార్లు చూశారు. ఏటి అడుగు ఎక్కువ ఎత్తులో ఉంది, గట్టుకు ఇవతల ఊళ్లు తక్కువ ఎత్తులో ఉన్నాయి. కొండల్లోంచి వచ్చే మట్టీ రాళ్లూ పేరుకుని పేరుకుని ఏరే ఊరికంటే పైకి లేచిపోయింది. ఇలాంటి నదులను జపాన్‌లో 'ఇంటికప్పు నదులు' అంటారు.

గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. ఈ జోగన్‌జి దాదాపు 3,000 మీటర్ల ఎత్తు కొండల్లో పుట్టి 56 కిలోమీటర్లలోనే తొయామా అఖాతంలో పడుతుంది. ఆ లెక్క చెప్పాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా, "యాభై ఆరేనా?" అని మళ్లీ అడిగారు.

రెండో రోజు, గురువారం

తొయామా నుంచి తతెయామా స్టేషన్‌కు లోకల్ రైల్లో సుమారు గంట. మొదట ఊళ్లు, తర్వాత పొలాలు, తర్వాత ఒక పక్క కొండ, మరో పక్క ఏరు. ఆఖరి స్టేషన్ 475 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ దిగేవాళ్లలో చాలామంది పై కొండలకు వెళ్లే కేబుల్ కారు వైపు పరుగెత్తుతారు. మేం మాత్రం ఇంకో దారి పట్టి, నాలుగడుగుల్లో ఉన్న మ్యూజియంకు నడిచాం. మేం వెళ్లేసరికి లోపల పదిమంది కూడా లేరు.

'సాబో' అంటే ఏంటని నాన్న ముందే అడిగారు. 'సా' అంటే ఇసుక, 'బో' అంటే అడ్డుకోవడం. కొండ కోతను, రాళ్లు మట్టి కొట్టుకురావడాన్ని ఆపే పనులన్నిటికీ కలిపి ఆ రెండక్షరాలు. వేరే దేశాల ఇంజనీర్లు కూడా ఇప్పుడు దీన్ని ఇదే పేరుతో పిలుస్తున్నారు. మన భాషలో దీనికి ఒక్క మాట దొరకలేదు. నాన్న 'మట్టి కాపలా' అన్నారు. నాకు నచ్చింది.

లోపల తతెయామా కాల్డెరా నమూనా పెద్దది ఉంది. అగ్నిపర్వతం కక్కాక మధ్య భాగం కూలి పడే గుంటను కాల్డెరా అంటారు. ఇక్కడిది మాత్రం ఒక్క పేలుడుతో పడింది కాదు. తూర్పు పడమరలుగా 6.5 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 4.5 కిలోమీటర్లు ఉన్న ఈ గిన్నె, కొండ కోసుకుపోయి, విరిగి, కూలి ఇంతైంది. ఇక్కడి అగ్నిపర్వతం రెండు లక్షల ఏళ్లకు పైగా అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. సుమారు లక్ష ఏళ్ల కిందట కక్కిన మంట బూడిద పరచుకుని గడ్డకట్టి పైన పెద్ద పీఠభూమి అయింది. ఇప్పుడు లావా లేదు గానీ ఆవిరి ఇంకా వస్తోంది. ఆ ఆవిరే అసలు చిక్కు. గంధకపు వేడి ఆవిరి పగుళ్లలోంచి పైకి వస్తూ గట్టి రాతిని లోపలినుంచే ఉడికించి బంకమన్నుగా మార్చేస్తుంది. బయటికి కొండలాగే కనిపిస్తుంది, లోపల రాయి ఉండదు.

అక్కడ పెట్టిన నల్లటి రాయి ఒకటి చూసి నాన్న, "మన కాటేరు క్వారీ రాయిలా ఉందే" అన్నారు. పోలిక ఉంది. రాజమండ్రి పక్కన కాటేరులో, అవతలి ఒడ్డున పంగిడిలో తవ్వే నల్లరాయి కూడా లావాయే. 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో పొంగి గోదావరి దాకా వచ్చిన ప్రవాహం అది. చిన్నప్పుడు మా వీధిలో పరిచిన కంకర అంతా అదేనని తెలిశాక నాకే వింతగా అనిపించింది. మనది ఎప్పుడో చల్లారి స్థిరపడిన లావా, అందుకే దాన్ని కంకర కొట్టుకుంటున్నాం. వీళ్లది ఇంకా స్థిరపడలేదు.

తర్వాతి గది 1858ది. ఇక్కడే మేం ఎక్కువసేపు ఉన్నాం.

ఆ ఏడాది ఏప్రిల్ 9న పెద్ద భూకంపం వచ్చింది. కాల్డెరా అంచున రెండు శిఖరాలు ఉండేవి. ఓతొంబి, కొతొంబి అని పేర్లు. తొంబి అంటే గద్ద. పెద్ద గద్ద, చిన్న గద్ద అనుకోవచ్చు. ఆ రాత్రి రెండూ కూలిపోయాయి. ఆ లోయలో వేడినీటి బుగ్గల దగ్గర పనిచేస్తున్న ముప్పై మందికి పైగా మట్టికింద ఉండిపోయారు. కూలిన మట్టి లోయలకు అడ్డం పడింది, వాటి వెనక నీళ్లు నిలిచి చెరువులయ్యాయి. కింద తొయామాలో జనానికి ఏరు ఎండినట్టు కనిపించి ఉండాలి. రెండు వారాల తర్వాత, ఏప్రిల్ 23న, ఆ మట్టికట్ట ఒకటి తెగింది. బురద మైదానం మీద పడింది. అంతటితో అయిపోలేదు. మంచు కరిగి నీళ్లు పెరిగాక, జూన్ 7న, రెండోది తెగింది. మొదటిదానికంటే అదే పెద్దది. రెండిటిలో కలిపి సుమారు 140 మంది చనిపోయారని రికార్డులు చెబుతాయి.

నాన్న ఆ తేదీలు వేళ్లమీద లెక్కపెట్టుకున్నారు. "మధ్యలో నెలన్నర ఉంది. వాళ్లు ఇళ్లలో బురద ఎత్తిపోసుకుని, మళ్లీ నాట్లకు సిద్ధమవుతుంటారు" అన్నారు.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నాన్నకు 29 ఏళ్లు. గట్టు మీద ఇసుక బస్తాలు వేయిస్తూ మూడు రాత్రులు నిద్రపోలేదని అమ్మ చెప్పేది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ, ఈ గదిలో, మొదటిసారి చెప్పారు. గండి పడేముందు చప్పుడు రాదట. గట్టుకు ఇవతలి కాలి దగ్గర సన్నగా నీరు ఊరుతుందట. ఆ నీరు తేటగా ఉన్నంతసేపూ పర్లేదు, మట్టిరంగు తిరిగిందంటే లోపల గట్టు కోసుకుపోతున్నట్టు. "టార్చిలైటు వేసుకుని రాత్రంతా ఆ రంగే చూసుకుంటూ తిరిగేవాళ్లం" అన్నారు. ఆయన మొహం ఆ పటాల వైపే ఉంది.

మమ్మల్ని గమనించిన పెద్దాయన ఒకరు దగ్గరికి వచ్చారు. అక్కడ గైడుగా ఉంటారు, వయసులో నాన్న ఈడు. నేను మధ్యలో మాట మార్చి చెబుతూ నిలబడ్డాను. ఆయన చెప్పిన ఒక్క సంగతి నాన్నను కదిలించేసింది. అప్పుడు కూలిన మట్టిలో సుమారు 20 కోట్ల ఘనపు మీటర్లు ఇప్పటికీ ఆ గిన్నెలోనే ఉంది. అదంతా ఒకేసారి కిందికి వస్తే తొయామా మైదానం ఒకటి రెండు మీటర్ల మందాన పూడిపోతుంది.

"అయితే అది రాకుండా ఎవరు ఆపుతున్నారు?" అని నాన్న అడిగారు.

ఆయన మమ్మల్ని తర్వాతి గదిలోకి తీసుకెళ్లారు.

ఈ ఏటిని లొంగదీయడానికి మొదట వచ్చినవాళ్లలో యోహానిస్ ద రైకె అనే డచ్ ఇంజనీరు ఉన్నాడు. 1873 నుంచి 1903 దాకా జపాన్‌లో పనిచేశాడు. 1891 వరద తర్వాత జోగన్‌జి పని ఆయనకు అప్పగించారు. ఏటిగట్టుకు ఎక్కడ పడితే అక్కడ పెట్టిన కాలవల తలలన్నీ కలిపి, ఒకేచోటు నుంచి నీళ్లు తీసే పద్ధతి పెట్టించాడు. అది విని నాన్న చప్పట్లు కొట్టినంత పని చేశారు. తూము ఉన్నచోటే గట్టు బలహీనం, తూములు తగ్గితే గండ్లు తగ్గుతాయి, అది ఆయన ముప్పై ఏళ్లు చూసిన సంగతి. "మనకు కాటన్ దొర ఎలాగో, వీళ్లకు ఈయన" అన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ గద్దకొండలు కూలడానికి ఆరేళ్ల ముందు. 'ఇది నది కాదు, జలపాతం' అన్న మాట కూడా ద రైకె పేరుమీదే ఇక్కడ ప్రచారంలో ఉంది.

కానీ గట్లు సరిపోలేదు. పైనుంచి రాళ్లూ మట్టీ వస్తూనే ఉంటే కింద ఎంత గట్టు కట్టి ఏం లాభం? అందుకని 1906లో తొయామా జిల్లా ప్రభుత్వం పైన కాల్డెరాలోనే పని మొదలుపెట్టింది. కట్టినవి వరదల్లో విరిగిపోయాయి. జిల్లా ఖజానాకు అది మోయలేని బరువు. 1926లో కేంద్ర ప్రభుత్వం పని తీసుకుంది. అందుకు పెట్టిన కార్యాలయానికి మొదటి అధికారి మసావొ అకాగి. అడవుల చదువు చదివి, సొంత ఖర్చుతో ఆస్ట్రియా వెళ్లి కొండవాగుల పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన్ని సాబో పితామహుడు అంటారు. విద్యార్థిగా ఉన్నప్పుడు, 1910 వరదల తర్వాత, ఇనాజో నితోబె అనే విద్యావేత్త ఇచ్చిన ఉపన్యాసం విని, పేరు రాని ఈ పనికే జీవితం ఇవ్వాలని నిర్ణయించుకున్నాడట. ఆ సంగతి చదివి వినిపిస్తే నాన్న తల ఊపారు.

ఇప్పుడు అసలు విషయం. షిరాఇవా సాబో ఆనకట్ట నమూనా ముందు నిలబడ్డాం. 1929లో మొదలై 1939లో పూర్తయింది. ప్రధాన కట్ట ఎత్తు 63 మీటర్లు, జపాన్ సాబో కట్టల్లో ఇదే అన్నిటికంటే ఎత్తైనది. దాని కింద మెట్లలా ఉన్న చిన్న కట్టలన్నీ కలిపితే నీళ్లు మొత్తం 108 మీటర్లు దిగుతాయి. దాని వెనక చూస్తే నీళ్లు లేవు. అంచుదాకా మట్టీ రాళ్లే.

నాన్న వెంటనే, "అయ్యో, పూడిపోయిందే! పూడిక తీయరా?" అన్నారు.

ఆయన బాధ నాకు తెలుసు. మన దగ్గర పూడిక అంటే రిజర్వాయరుకు చావు. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్‌లో పూడిక చేరి 90కి దిగిందన్నప్పుడు, తన ఆనకట్ట కాకపోయినా రెండు రోజులు అదే మాట్లాడారు.

గైడు పెద్దాయన తల అడ్డంగా ఊపి, చేతులతో చూపించారు. ఇది నీళ్లు నిలపడానికి కట్టింది కాదు. పూడిపోవడమే దాని పని. ఏటి అడుగు నిట్టనిలువుగా ఉంటే నీళ్లు పరుగెత్తుతాయి, అడుగును కోస్తాయి. అడుగు లోతు కాగానే ఇరుపక్కల కొండకు కాళ్లు తెగిపోయి చరియలు కూలతాయి. కట్ట వెనక మట్టి నిండితే ఏటి అడుగు పైకి లేస్తుంది, చదునవుతుంది, నీళ్ల వేగం తగ్గుతుంది. నిండిన ఆ మట్టే ఇరుపక్కల కొండ కాళ్లకు దన్నుగా నిలుస్తుంది. నీళ్లు పరిగెత్తాల్సిన వాలును మెట్లు మెట్లుగా విరగ్గొట్టి, ఒక్కో మెట్టు దగ్గరా వాటి బలం తీసేస్తారు. అందుకే ఒక కట్ట చాలదు. దొరొదాని అనే వాగులో 1938 నాటికి వరసగా కట్టలు కట్టారు. కట్టలు కట్టి, కొండవాలును మెట్లుగా చెక్కి, చెట్లు నాటారు. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ వాలు ఇప్పుడు పచ్చగా ఉంది. పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కనే పెట్టారు.

నాన్న ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత తనే నాకు మళ్లీ చెప్పారు, తెలుగులో, నేను వినలేదన్నట్టు. "అంటే ఏటి అడుగును పైకి లేపి కొండకు మెత్త వేశారమ్మా. కొండ కూలకుండా మట్టితోనే మట్టిని ఆపారు." నేనెంత మాట మార్చినా ఇంత బాగా చెప్పలేకపోయాను.

షిరాఇవాను 2009లో జాతీయ ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. 2017లో హొంగూ, దొరొదాని కట్టలనూ అందులో కలిపారు. గుళ్లు, కోటలు, విగ్రహాలకు ఇచ్చే గౌరవాన్ని మట్టి ఆపే కాంక్రీటు కట్టలకు ఇచ్చారు. ఇది నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఈ పని ఇప్పటికీ జరుగుతోంది. మంచులేని నెలల్లో పనివాళ్లు పైకి వెళ్లి, మిజుతాని అనే చోట బసలో ఉండి పనిచేస్తారు. ఏటా మంచు కొంత పాడుచేస్తుంది, వాళ్లు బాగుచేస్తారు. పూర్తయ్యే తేదీ అంటూ గోడమీద ఎక్కడా కనిపించలేదు.

మూడో రోజు, శుక్రవారం

ఈ రోజు కోసమే ఈ తేదీలు పెట్టుకున్నాం. పనివాళ్లనూ సామాన్లనూ మోసుకెళ్లే చిన్న ట్రాలీ రైలు ఒకటుంది. పట్టాల మధ్య రెండడుగుల వెడల్పు మాత్రమే. 18 కిలోమీటర్లలో 640 మీటర్లు ఎక్కుతుంది. మలుపు తిరగడానికి చోటులేని కొండవాలు కాబట్టి, ఒకసారి ముందుకు వెళ్లి ఆగి, పట్టా మార్చి వెనక్కి ఎక్కి, మళ్లీ ముందుకు, ఇలా 38 చోట్ల దిక్కు మార్చుకుంటుంది. కబాదైరా దగ్గరైతే వరసగా 18 సార్లు. మామూలు జనానికి టికెట్లుండవు. మ్యూజియం వాళ్లు వేసవి నుంచి అక్టోబరు దాకా కొన్ని రోజులు నడిపే పరిచయ యాత్రలో లాటరీలో పేరు వస్తేనే ఎక్కొచ్చు. మా పేర్లు వచ్చాయి. నాన్న రాత్రే బూట్లు తుడిచి పెట్టుకున్నారు.

తెల్లవారుజామున నాలుగింటికి వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. లేచి చూస్తే నాన్న అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కాసేపటికి ఫోనొచ్చింది, యాత్ర రద్దు. ఎలా చెప్పాలా అని నాకు టెన్షన్. చెప్పేలోపే ఆయనే, "ఇంత వానలో ఆ లోయలోకి జనాన్ని తీసుకెళ్లకూడదమ్మా. మంచి పని చేశారు" అన్నారు. అని మళ్లీ కిటికీ వైపు తిరిగారు. బూట్లు అక్కడే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పది గంటలకు వాన తగ్గింది. ఉత్తినే గదిలో కూర్చోలేక రైలెక్కి హొంగూ స్టేషన్‌లో దిగాం. అక్కడి హొంగూ సాబో కట్ట 1937లో పూర్తయింది. ఎత్తు 22 మీటర్లే, కానీ వెనక 50 లక్షల ఘనపు మీటర్ల మట్టిని పట్టి ఉంచుతుంది. ఏటి దగ్గరికి వెళ్లకుండా దూరంగా రోడ్డు మీద గొడుగులు పట్టుకుని నిలబడ్డాం.

నిన్న రైల్లోంచి చూసిన ఏరు ఇది కాదు. బూడిదరంగు నీళ్లు కట్ట మొత్తం వెడల్పునా తెరలా దూకుతున్నాయి. నీటి హోరు కింద ఇంకో చప్పుడు ఉంది. ముందు అర్థం కాలేదు. నాన్న, "రాళ్లమ్మా. అడుగున దొర్లుతున్నాయి" అన్నారు. ఆ తర్వాత నాకు అదే వినపడింది, ఎక్కడో ఇంటి అటకమీద ఎవరో రోలు దొర్లిస్తున్నట్టు. కాళ్లకింద రోడ్డు కూడా సన్నగా అదురుతోందేమో అనిపించింది.

ఆ ఒక్క చప్పుడుతో నిన్న మ్యూజియంలో చూసినదంతా ఒక్కసారి తెలిసొచ్చింది. ఇది మామూలు శరదృతువు వాన, ఒక్క రాత్రి కురిసింది. పైన ఇరవై కోట్ల ఘనపు మీటర్ల మట్టి ఉంది. కింద తొయామాలో పిల్లలు స్కూళ్లలో ఉన్నారు, ట్రాములు తిరుగుతున్నాయి, ఎవరూ గట్లవైపు పరుగెత్తడం లేదు.

స్టేషన్‌లో బెంచీమీద కూర్చుని ఓనిగిరి తిన్నాం. లోపల ఉమెబోషి అనే పుల్లటి ఊరగాయ పండు పెట్టిన అన్నం ముద్ద. నాన్న మొదటి కొరుకుడుకే కళ్లు మూసి, "ఉప్పులో ఊరిన ఉసిరికాయే ఇది" అన్నారు. ఇంకోటి కావాలన్నారు.

సాయంత్రం మళ్లీ మ్యూజియంకు వెళ్లాం. పక్కనే ఉన్న ట్రాలీ యార్డులో పసుపు ఇంజన్లు వానకు తడిసి నిలబడి ఉన్నాయి. నాన్న కంచె దగ్గర నిలబడి పట్టాల కింది స్లీపర్లు, కంకర, మొదటి మలుపు, అన్నీ చూసుకున్నారు. నిన్నటి గైడు పెద్దాయన మమ్మల్ని చూసి బయటికి వచ్చి, మాకంటే ఎక్కువగా బాధపడ్డారు. ఈ యాత్రలు వానకు చాలాసార్లు రద్దవుతాయట. రేపు ఎండ వస్తుంది, పై నుంచి చూడండి అని దారి రాసిచ్చారు.

నాలుగో రోజు, శనివారం

నిజంగానే ఎండ వచ్చింది. కేబుల్ కారులో ఏడు నిమిషాల్లో బిజోదైరా, అక్కడి నుంచి బస్సు. దేవదారు చెట్ల మధ్య నుంచి వెళ్తుంటే డ్రైవరు ఒకచోట నెమ్మది చేశాడు. ఎదురుగా లోయకు అవతల షోమ్యో జలపాతం. నాలుగు మెట్లలో 350 మీటర్లు దూకుతుంది, జపాన్‌లోకెల్లా ఎత్తైనది. లక్ష ఏళ్లనాటి ఆ మంట బూడిద గడ్డనే ఇది కోసుకుంటూ వెనక్కి జరుగుతోంది. బస్సులో అందరూ ఫొటోలు తీస్తుంటే నాన్న, "ఇదీ కోతే" అన్నారు.

ముందు పైదాకా, 2,450 మీటర్ల ఎత్తున్న మురోదోకు వెళ్లాం. చలి. నాన్నకు రెండు స్వెట్టర్లు వేశాను. అక్కడి జిగొకుదాని, అంటే నరకలోయ, ఇప్పుడు విషవాయువుల వల్ల లోపలికి వెళ్లనివ్వరు. పై నుంచి చూస్తే పసుపు, తెలుపు కలిసిన నేల, పొగలు, కుళ్లిన గుడ్ల వాసన. వెనకటి యాత్రికులు నిజంగా నరకం ఇక్కడే ఉందని నమ్మేవారు. అక్కడ తీర్పు చెప్పే దేవుడి పేరు ఎన్మా, మన యముడే. బౌద్ధంతో కలిసి చైనా మీదుగా ఇంతదూరం వచ్చాడు. మొన్న మ్యూజియంలో విన్న ఆవిరి ఇదే. నాన్న ఎక్కువసేపు నిలబడలేదు, వాసనకు దగ్గొచ్చింది.

తిరుగు బస్సులో మిదగహారలో దిగాం. 1,930 మీటర్లు. పచ్చగడ్డి అప్పుడే బంగారు రంగు తిరుగుతోంది, మధ్యలో చిన్న చిన్న నీటిగుంటలు. అక్కడి నుంచి చెట్ల మధ్య ఇరవై నిమిషాలు ఎక్కితే కాల్డెరా కనిపించే చోటుంది. వాన తడికి రాళ్లు జారుతున్నాయి. ఇరవై నిమిషాల దారికి మాకు నలభై పట్టింది. మధ్యలో నాన్న రెండుసార్లు ఆగారు. "వెనక్కి వెళ్దామా నాన్నా?" అంటే సమాధానం చెప్పకుండా కర్ర పట్టుకుని నడిచారు.

పైకి చేరగానే ముందు నేల అయిపోయింది. ఇంత దగ్గరగా, ఇంత లోతుగా ఉంటుందని అనుకోలేదు. పచ్చటి చెట్ల అంచు దాటితే గిన్నెంతా కిందికి జారిపోయి ఉంది. ఎదుటి గోడమీద గద్దకొండలు విరిగిపోయిన చోటు గోధుమరంగు పుండులా తెరుచుకునే ఉంది. 1858లో పడిన దెబ్బ ఇంకా మానలేదు. అడుగున తెల్లటి దారంలా ఏరు. దాని పక్కన మరో సన్నటి గీత, పనివాళ్లు వేసుకున్న బాట.

నాన్న జేబులోంచి మ్యూజియంలో ఇచ్చిన కాగితం పటం తీసి, మోకాలిమీద పరిచి, ఎదురుగా ఉన్నదానితో కలుపుకుంటూ వెళ్లారు. వేడినీటి బుగ్గలు పోయింది ఇక్కడ. చెరువు నిలిచింది అక్కడ. కట్టలు ఆ మలుపు వెనక. తర్వాత కొండవాలు ఒకదాన్ని చూపించి, "అక్కడ చెట్లు వరసల్లో ఉన్నాయి చూడు" అన్నారు. చూశాను. పక్కనున్న అడవిలాగే పచ్చగా ఉంది గానీ, కాస్త జాగ్రత్తగా చూస్తే అడ్డంగా గీతలు గీసినట్టు కనిపిస్తోంది. నాకు చెప్పకపోతే తెలిసేది కాదు.

"ఎవరో నాటారమ్మా ఇవి. నడుముకు తాడు కట్టుకుని దిగి ఉంటారు."

ఫోన్లో సిగ్నల్ ఉంది. అమ్మకు వీడియో కాల్ చేశారు. అక్కడ మధ్యాహ్నం కూడా కాలేదు, అమ్మ వంటింట్లో ఉంది. నాన్న ఫోను తిప్పి లోయంతా చూపిస్తూ, కొండ ఎలా కూలింది, ఏటి అడుగు ఎలా లేపారు, కట్ట ఎందుకు నిండాలి, అన్నీ వరసగా చెప్పారు. అమ్మ మధ్యలో, "చలిగా ఉందా? చెవులకు కట్టుకున్నారా?" అని అడిగింది. కట్టుకున్నానని చెప్పి మళ్లీ దొరొదాని వాగు దగ్గర మొదలుపెట్టారు.

రెండింటికి కిందినుంచి మబ్బు లేచి గిన్నె నిండింది. ముందు ఏరు పోయింది, తర్వాత వరసల చెట్లు, ఆఖరికి గద్దకొండ పుండు. బస్సుకు టైమవుతోందని లేచాను. నాన్న పటం మడవలేదు.

"తర్వాతి బస్సుకు వెళ్దాం. మబ్బు తీస్తుందేమో" అన్నారు.

నేను సంచీలోంచి మిగిలిన ఓనిగిరి తీసి ఆయన పక్కన కూర్చున్నాను.